లండన్ పోయిన సూర్యకుమారి

రండి, మంట దగ్గరికి జరుక్కోండి. ఆ తాటిమట్ట ఇంకొంచెం లోపలికి తొయ్‌రా అబ్బయ్యా, పొగంతా ఇట్నే కొడతా ఉండాది. పొద్దున బళ్లో మీరు పాడినారే, మా తెలుగు తల్లికి. దాన్ని రాసినాయన పేరడిగితే ఈ అమ్మణ్ణి టక్కున చెప్పింది, శంకరంబాడి సుందరాచారి అని. మన తిరుచానూరాయన. బాగుంది. మరి ఆ పాటను ఊరూరికీ తెచ్చిన గొంతు ఎవరిదంటే ఒక్కరూ చెప్పలా. నాకు అదే బాధ. పాట పెట్టుకున్నాం, మనిషిని మరిచిపోయినాం. ఈ రాత్రి ఆమె కతే చెప్తా, వినండి.

ఆమె పేరు టంగుటూరి సూర్యకుమారి. 1925 నవంబరులో రాజమండ్రిలో పుట్టింది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు ఉండారే, ఆయన తమ్ముడి కూతురు. పాట పుట్టుకతోనే వచ్చింది. 1937లో విప్రనారాయణ సినిమాలో కనపడేటప్పటికి ఇంకా పన్నెండేళ్లు కూడా నిండలా. స్వరాజ్యం సభల్లో ముందు ఆ పిల్ల పాడేది, తర్వాత పెద్దోళ్లు మాట్లాడేవాళ్లు.

1939లో రైతుబిడ్డ వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మంగారు తీసింది. అందులో రైతు వేషం బళ్లారి రాఘవగారిది. ఆయన ఎవరనుకున్నారు? పగలు కోర్టులో ప్లీడరు, రాత్రి రంగస్థలం మీద రాజు. ఇంగ్లండు పోయి బెర్నార్డ్ షానే కలిసొచ్చిన మనిషి. ఆ కాలం నటులు పద్యం ఎత్తుకుంటే రాగం తీసి తీసి, వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికొచ్చేవాళ్లు. చచ్చిపడినోడు కూడా లేచి ఇంకోసారి పాడి మళ్లీ చచ్చేవాడు! రాఘవగారు దాన్ని ఒప్పుకోలా. ఏడ్చే మనిషి రాగం తీయడు గదా అనేది ఆయన పట్టు. అట్టాంటి మనిషి పక్కన పదమూడేళ్ల సూర్యకుమారి నటించింది. సినిమా జమీందార్ల దౌర్జన్యం మీద. జమీందార్లు ఊరుకుంటారా? మన రేణిగుంట రైలెక్కితే దావలో వచ్చే వెంకటగిరే ఉండాదే, ఆ జమీందారూ బొబ్బిలి జమీందారూ కూడా దాని మీద కోపం పెట్టుకున్నారు. నిషేధం కూడా పడింది. నేను అప్పటికింకా పుట్టలా. మా నాయన మాత్రం ఆ సినిమా ఊసు తెచ్చుకోకుండా ఏ పంటా ఇంటికి చేర్చలా.

ఇంక నేను చెవులారా విన్నది చెప్తా. మా పెదనాయన మైకా కంపెనీలో గుమాస్తా. మద్రాసు మూర్ మార్కెట్లో పాత గ్రామఫోను బేరమాడి కొనుక్కొచ్చినాడు. కొయ్యపెట్టె, పక్కన పిడి. పాట పెట్టేముందు పిడి తిప్పాల, సూది మార్చాల. ఒకవైపు మూడు నిమిషాలు, అంతే. సగంలో మర సడలిందా, సూర్యకుమారి గొంతు బొంగురుపోయి మగగొంతయ్యేది. పిల్లకాయలం పరిగెత్తి పిడి తిప్పేవాళ్లం. ప్లేటు చెయ్యిజారితే పెంకుముక్కలే, అందుకని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు.

సూది పట్టుకునే ఆ గుండ్రటి డబ్బీని పెదనాయన ఒకనాడు విప్పి చూపించినాడు. లోపల రూపాయి బిళ్లకన్నా వెడల్పుగా, వెలుగు అవతలికి కనపడేంత పల్చటి రేకు. సూది గీతలో పోయేకొద్దీ ఆ రేకు వణుకుతుంది, ఆ వణుకే మనకి పాటగా వినపడేది. ఆ రేకు మైకాది! సైదాపురం, కలిచేడు గనుల్లో తవ్వి, మన ఆడోళ్లు కూచోని పొర పొరగా చీల్చి ఇచ్చే మైకా. మద్రాసు రేవులో ఓడెక్కి సీమకు పోయేది. నాకు ఒళ్లు జలదరించింది. మనూరి రాయిలోంచి ఆ తల్లి గొంతు వస్తా ఉందనుకున్నా. ఇప్పటికీ అట్టే అనుకుంటా.

సుందరాచారిగారు ఆ పాట రాసింది 1942లో వచ్చిన దీనబంధు సినిమా కోసం. మన చిత్తూరు నాగయ్యగారు అందులో నటుడు. అయితే పాటను గుండెల్లోకి దించింది సూర్యకుమారి పాడిన ప్లేటే. 1952 డిసెంబరులో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష పట్టిన పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ప్రాణం విడిచినప్పుడు నేను చిన్నోణ్ణి. ఆ కబురు తెలిసిన సాయంత్రం పెదనాయన గ్రామఫోను పెట్టెను వీధి అరుగు మీదికి తెచ్చి పెట్టినాడు. వీధిలో జనం నిలబడి విన్నారు. ఒక్కరూ వన్స్‌మోర్ అనలా.

అదే ఏడు ఆమె మిస్ మద్రాసుగా కూడా గెలిచింది. ప్రకాశంగారింటి ఆడబిడ్డ అందాల పోటీకి పోవడమేందని గొణిగినోళ్లు లేకపోలేదు. నాకైతే ఆమె ధైర్యం నచ్చింది. సినిమాలంటారా, కృష్ణప్రేమలో నారదుడి వేషం కట్టింది, దేవతలో నాగయ్యగారితో చేసింది, హిందీలో దిలీప్‌కుమార్ ఉడన్ ఖటోలాలో 1955లో రాణిగా కనపడింది. అవన్నీ చెప్తా కూచుంటే తెల్లారిపోద్ది.

అసలు సంగతి ఆ తర్వాతది. ఆమె అమెరికా పోయింది. 1961లో న్యూయార్కులో టాగూరు నాటకం రాజాను ఇంగ్లీషులో ఆడినారు, కృష్ణా షా అనే ఆయన దర్శకత్వంలో. ఆ నాటకం కత వినండి. ఒక రాజు ఎవరికీ కనపడడు. రాణి సుదర్శనతో కూడా చీకటిగదిలోనే మాట్లాడతాడు. రాణికి పంతం, వెలుతురులో నిన్ను చూడాలంటుంది. పండగ గుంపులో నేనుంటా, వెతుక్కో అంటాడు. ఆమె అందగాడు ఒకణ్ణి చూసి ఈయనే రాజనుకుని మోసపోతుంది. తర్వాత నిజం తెలిసి రాజు నల్లటి రూపం చూసి భయపడి పుట్టింటికి పారిపోతుంది. ఆమె కోసం రాజులు కొట్టుకుచస్తారు. చివరికి గర్వమంతా రాలిపోయి, దుమ్ములో కాలినడకన ఆ రాజును వెతుక్కుంటా తిరిగొస్తుంది. ఆ రాణి వేషం మన సూర్యకుమారిది.

ఆలోచించండి. రాజు రంగం మీదికి రాడు, గొంతే వినపడుతుంది. ఎదురుగా మనిషి లేకుండా కోపం, మోహం, సిగ్గు, పశ్చాత్తాపం అన్నీ ఆ ఒక్క ఆడమనిషే చూపించాల. అదీ తనది కాని భాషలో, పరాయి జనం ముందర. అక్కడి విమర్శకులు ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ బహుమతి ఆమెకిచ్చినారు. అదే నాటకం దక్షిణాఫ్రికాకు కూడా పోయింది, తెల్లోళ్లకీ నల్లోళ్లకీ వేరేవేరే బెంచీలు వేసిన ఆ రోజుల్లోనే.

1960ల నడుమ లండన్ చేరింది. ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అని సంస్థ పెట్టి పాట, నాట్యం నేర్పింది, కార్యక్రమాలు కట్టింది. హరాల్డ్ ఎల్విన్ అనే ఇంగ్లీషు రచయితను, బొమ్మలు కూడా వేసే ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఈడ మాత్రం పెద్దోళ్లు నిట్టూర్చేవాళ్లు, మద్రాసులోనే ఉండుంటే భానుమతి అంతటిది అయ్యేది గదా అని. నేను ఒప్పుకోను. ఈడుంటే ఇంకో నలభై సినిమాలు చేసేది, ఇంకో నారదుడు, ఇంకో రాణి. ఆ చీకటిగది రాణి వేషం ఎవరిచ్చేవాళ్లు ఆమెకి? ముప్పై ఐదేళ్ల ఆడమనిషికి అప్పుడు మన సినిమాల్లో అక్క వేషం, తర్వాత అమ్మ వేషం, అంతే. ఆమె పోయి మంచి పనే చేసింది. తప్పు మనదే, పోయిన బిడ్డ క్షేమసమాచారం కనుక్కోకపోవడం.

2005 ఏప్రిల్ 25న లండన్‌లోనే కన్నుమూసింది. మా పెదనాయన అప్పటికి లేడు. ఉండుంటే గ్రామఫోను మళ్లీ అరుగు మీదికి తెచ్చేవాడు.