ఊడదీయు విద్య

అంటించుట అందరికిని తెలిసిన పని. ఊడదీయుట మాత్రము నేర్చుకొనవలసిన విద్య. గోడకు అంటించిన కాగితమును ఒక్క పెట్టున లాగినచో సున్నపు పెచ్చు దానితోపాటు ఊడివచ్చును. పుస్తకపు అట్టమీది చీటిని పెరికినచో అట్ట పొర లేచిపోవును. మోటారుబండి మీది పాత స్టిక్కరు సంగతియు ఇట్టిదే. బొమ్మ పోయినదని సంతోషించులోపల, దాని క్రింది రంగు కూడ పోయినదని తెలిసి విచారింతుము.

బండికి రంగు కేవలము అలంకారము కాదు. ఇనుపరేకునకు అది కవచము. రంగు లేచినచోట తేమ చేరును; తేమ చేరినచోట త్రుప్పు పుట్టును. మరియొక సంగతియు కలదు. ఒక పాత బండి ఏనాటిదో, ఎవరి చేతులలో తిరిగినదో తెలుపు సాక్ష్యము దాని రంగు పొరలలో దాగియుండును. కాగితము చినిగిన మరల వ్రాసికొనవచ్చును గాని, గీకివేసిన తొలిపూతను మరల తేలేము. క్రొత్తగా వేసినది క్రొత్త రంగే యగును. కావున బొమ్మను తీసి రంగును నిలుపుట ఎట్లన్న ప్రశ్న చూచుటకు చిన్నదైనను, దాని వెనుక రెండు వందల యేండ్లకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్ర తెలిసినవారికి ఉపాయమును తేలికగా బోధపడును.

మొదట బండ్లమీద బొమ్మలు అంటింపబడలేదు, వ్రాయబడినవి. గుఱ్ఱపు బగ్గీల తలుపులమీద ప్రభువుల వంశచిహ్నములను చిత్రకారులు కుంచెతో తీర్చెడివారు. చేతితో వ్రాసిన బొమ్మ ఒకదానివలె మరియొకటి ఉండదు. పైగా కాలము పట్టును. అచ్చువేసిన బొమ్మను వస్తువు మీదికి దింపు ఉపాయము 18వ శతాబ్ది నడుమ ఇంగ్లండులో వ్యాప్తికి వచ్చెను. ఫ్రాన్సునుండి అచటికి వచ్చిన సైమన్ ఫ్రాంస్వా రావెనె అను నగిషీపనివాడు 1750 తరువాతి సంవత్సరములలో ఈ పనిలో పేరుగాంచిన వారిలో ఒకడు. మొదట పింగాణి పాత్రలకును, ఎనామెలు భరిణెలకును ఉపయోగించిన ఈ పద్ధతి 1860 ప్రాంతమున ఇంటింటి వేడుకగా మారినది. దానికి ఫ్రెంచి భాషలో కలిగిన 'డెకాల్కొమాని' అను పేరే కుదించుకొనిపోయి నేటి 'డెకాల్' అయినది.

ఆ పద్ధతి ఇట్టిది. బంక పూసిన కాగితముమీద బొమ్మను తలక్రిందుగా అచ్చువేయుదురు. వస్తువుమీద పలుచగా వార్నిషు పూసి, అది ఇంకను జిగటగా నుండగానే బొమ్మను బోర్లించి అదుముదురు. ఆరిన పిమ్మట కాగితమును తడుపుదురు. బంక నీటిలో కరగి కాగితము జారిపోవును. బొమ్మ మాత్రము నిలిచియుండును. దానిపై మరల ఒక పూత వార్నిషు వేయుదురు. మన యిండ్లలోని పాత సింగరు కుట్టుమిషనుపై మెరయుచుండు బంగారు తీగలు, అక్షరములు ఇట్లు దిగినవే. సైకిళ్ళ చట్రములమీది పేర్లును పెక్కు ఇట్టివే.

ఇచట గమనింపవలసిన దేమనగా, ఆ బొమ్మ ఊడిపోవుటకు పుట్టినది కాదు. అది రంగుపై అంటియున్న చీటి కాదు. రంగు పొరలలో తానును ఒక పొర. పాత కుట్టుమిషనును శుభ్రపరుపబోయి స్పిరిటుతో తుడిచినవారికి ఈ సత్యము వెంటనే తెలియును. పై పూతలోని లక్క స్పిరిటులో కరగిపోవును; లక్కతోపాటు బంగారు తీగయు పోవును. ఆ కాలపు బొమ్మను తీయుట యనగా పూతను తీయుటయే. కనుక ఆనాటి పనివారు పాత పేరును తీయవలసి వచ్చినప్పుడు ఆ భాగమును సానబట్టి, మరల రంగు వేసెడివారు. క్రింది రంగును కాపాడవలెనను ఆలోచనకు అప్పటికి తావు లేదు.

ఆ ఆలోచన పుట్టినది ఇరువదవ శతాబ్ది మూడవ దశకమున, అమెరికాలో, మోటారుకార్లకు రంగువేయు కొట్లలో. అంతకుముందు కార్లకు పూయు నూనె వార్నిషు రంగులు ఆరుటకు వారములు పట్టెడివి. 1923లో డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో అను రంగు వచ్చినది. నైట్రోసెల్యులోజుతో చేసిన ఈ రంగు గంటలలో ఆరిపోవును. 1924 నమూనా ఓక్లండు కార్లు దీని నీలిరంగు ధరించి విపణిలోనికి వచ్చినవి. రంగు త్వరగా ఆరుటతో వేడుకయు హెచ్చినది. ఒకే కారునకు రెండు రంగులు వేయుట నాగరకమైనది.

కాని రెండు రంగులు వేయుటలో ఒక చిక్కు కలదు. మొదటి రంగు వేసిన భాగమును కాగితముతో కప్పి, అంచులను పట్టీతో అంటించి, రెండవ రంగును చిమ్మవలెను. తరువాత ఆ పట్టీని ఊడదీయవలెను. ఆనాటి పట్టీల జిగురు రంగును పట్టుకొని వదలదు. పట్టీని లాగినప్పుడు మొదటి రంగు పెచ్చులుగా లేచివచ్చెడిది. పని యంతయు మరల మొదటికి వచ్చెడిది.

ఆ దినములలో మిన్నెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ నగరమున రిచర్డ్ డ్రూ అను యువకుడుండెను. గరుకుకాగితము తయారుచేయు కంపెనీలో ఆయన ఉద్యోగి. ఆ కంపెనీయే నేటి త్రీ ఎం. క్రొత్త గరుకుకాగితమును పరీక్షింప జేయుటకై కార్ల కొట్టునకు వెళ్ళిన డ్రూ అచటి పనివారు విసుగుతో తిట్టుకొనుట విన్నాడు. విని ఊరకుండలేదు. పట్టుకొనవలసినంతసేపు పట్టుకొని, వదలవలసినప్పుడు మర్యాదగా వదలిపోవు పట్టీని చేసెదనని పూనుకొన్నాడు. ఎన్నియో జిగురులను, కాగితములను పరీక్షించి 1925లో ముడుతల కాగితముతో పట్టీని సిద్ధపరచినాడు. అదే నేడు రంగుపనివారందరు వాడు మాస్కింగ్ టేపు. పారదర్శకమైన సెల్లోఫేను టేపును 1930లో లోకమునకు ఇచ్చినవాడును ఈయనయే. 1935లో స్టాంటన్ ఎవరీ అను నాతడు లాస్ ఏంజిల్స్ నగరములో నీటితో తడుపనక్కరలేని, ఒత్తినంతనే అంటుకొను చీటీల తయారీని ఆరంభించెను. నేటి స్టిక్కరులకు ఇవియే పూర్వులు.

చూడుడు! జిగురు మానవునకు వేల యేండ్లుగా తెలిసినదే. చెట్లబంక, లక్క, వజ్రము, పిండిమైనము—వీనిని మన పూర్వు లెరుగుదురు. వీని యన్నిటి ఘనత గట్టిగా పట్టుటలోనే యున్నది. హాని చేయక విడిచిపోవు జిగురు మాత్రము కారు రంగును కాపాడవలసి వచ్చినప్పుడు ప్రత్యేకముగ వెదకబడినది.

కాని డ్రూ పట్టీ కొలది గంటలు నిలుచుటకు చేయబడినది. ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన స్టిక్కరు గతి వేరు. నేటి స్టిక్కరులు చాలవరకు వినైలు పొరలు. పీవీసీ యను గట్టి పదార్థమును మెత్తబరచి వంగునట్లు చేయు పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్డో సెమన్ 1926లో కనిపెట్టెను. మెత్తదనమునకై కలిపిన ద్రవ్యము ఏటికేడు మెల్లగా తప్పుకొనును. ఎండ ఆ పొరను పెళుసు చేయును. అప్పుడది అప్పడమువలె ముక్కలగును గాని ఒక్కటిగా రాదు. పొర ముడుచుకొనిన అంచుల వెంట జిగురు బయటపడి దుమ్మును పట్టి నల్లని గీతగా నిలుచును.

ఇక ఉపాయమును చెప్పుకొందము. మొదట తెలిసికొనవలసినది జిగురును గూర్చి కాదు, రంగును గూర్చి. డ్యూకో జాతి పాత రంగు ఎన్ని యేండ్లు గడచినను థిన్నరు తగిలిన మరల కరగును. అట్టి బండిమీద థిన్నరు పోయుట బొమ్మకై ఇంటిని తగులబెట్టినట్లే. ఇటీవలి బండ్లమీది కాల్చిన ఎనామెలును, దాని పైనుండు పారదర్శకమైన పూతయు ఎక్కువ ఓర్చుకొనును. ఐనను ఒకసారి మరల రంగువేసిన బండిని నమ్మరాదు. అచట తొలిరంగు పట్టు గట్టిగను, మలిరంగు పట్టు బలహీనముగను ఉండవచ్చును. కాబట్టి ఏ ద్రవమునైనను ముందుగా తలుపు లోపలి అంచున, కంటికి కానరాని చోట, తెల్లని గుడ్డతో రుద్ది చూడవలెను. గుడ్డకు రంగు అంటినచో ఆ ద్రవమును మానవలెను.

పిమ్మట ఆ భాగమును సబ్బునీటితో కడిగి ఇసుకరేణువు లేకుండ చేయవలెను. వేడినీటిలో ముంచిన గుడ్డను కప్పియైనను, జుట్టు ఆరబెట్టు యంత్రముతోనైనను స్టిక్కరును వెచ్చబరుపవలెను. చేయి పెట్టి ఓర్చుకొనగలిగిన వేడి చాలును. వెచ్చదనమునకు వినైలు మెత్తబడును, జిగురు పట్టు సడలును. ఒక మూలను గోటితో లేపి, పైకి లాగక, వెనుకకు మడచి, రంగునకు ఆనుకొనియున్నట్లుగా మెల్లమెల్లగా లాగవలెను. పైకి లాగిన బలము రంగుమీద పడును. మడచి లాగిన బలము జిగురుమీద పడును. తొందర పడిన చోటనే పొర తెగును. బ్లేడును, ఇనుప చాకును దరి చేరనీయరాదు. ప్లాస్టిక్ ముక్క చాలును.

మిగిలిన జిగురుపై వంటనూనెనో, నీలగిరి తైలమునో పూసి కొంతసేపు నాననిచ్చి మెత్తని గుడ్డతో తుడువవలెను. ముందు చెప్పిన పరీక్ష నీలగిరి తైలమునకును తప్పదు. కడపట సబ్బునీటితో జిడ్డు కడిగి మైనము పూసిన పని ముగియును. వార్నిషు క్రింద దింపిన పాతకాలపు బొమ్మకు మాత్రము ఈ ఉపాయము పనిచేయదు. అది పొరలో పొర యని ముందే చెప్పుకొంటిమి.

ఇంత జాగ్రత్తతో తీసిన తరువాతను ఒక వింత కానవచ్చును. బొమ్మ పోయినను దాని ఆకృతి అచటనే నిలుచును. చుట్టునున్న రంగు ఎండకు వెలిసినది. బొమ్మ నీడలోని రంగు క్రొత్తగానే యున్నది. మెరుగు పెట్టినచో ఈ ఛాయ కొంత తగ్గును. పూర్తిగా పోవలెనని మితిమీరి రుద్దిన, పూత పలుచబడును. అందుచేత మ్యూజియములలో పాత బండ్లను కాపాడువారు ఈ ఛాయలను చెరుపుటకు తొందరపడరు. ఒక చిన్న చోట మాత్రము పొర తరువాత పొరను సోపానములుగా సానబట్టి, ఏ రంగు తరువాత ఏ రంగు వచ్చినదో చదువుదురు. మాసిన అక్షరముల ఛాయయు వారికి ఒక శాసనమే.

మన బస్సులనే తలచుకొందము. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో ఆరంభమైనది. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వపు శాఖయైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణ సంస్థ వేరై టీఎస్ అను అక్షరములను ధరించి, 2024లో టీజీ అక్షరములకు మారినది. పేరు మారినప్పుడెల్ల బండి ఒడలిమీది అక్షరములును మారవలసినవే. ఒకనాడు కుంచెతో వ్రాసినవి, నేడు అంటించినవి. ప్రభుత్వములు మారినను, పేర్లు మారినను, బండి అదే, దారి అదే, ఎక్కిదిగు ప్రజయు అదే.

కావున తండ్రి నడిపిన స్కూటరునో, తాత కొన్న కారునో చక్కబెట్టబోవు గృహస్థులు ముందొక ప్రశ్న వేసికొనుట మంచిది: ఈ బొమ్మ తీయదగినదా, ఉంచదగినదా? నిన్న మొన్న అంటించిన వ్యాపార ప్రకటనయైనచో తీయుడు. అమ్మిన దుకాణపు పేరో, తొలి కంపెనీ గుర్తో ఐనచో ఉంచుడు. దానిని మరల తేలేరు. తీయుటయే నిశ్చయమైనచో వెచ్చదనమును, నూనెను, ఓర్పును తోడు తెచ్చుకొనుడు. ఈ మూడింటిలో అంగడిలో దొరకనిది ఓర్పొక్కటే. రంగును కాపాడునదియు ముఖ్యముగా అదియే.