ముంపును దాటిన ఆరామాలు, ఆలయాలు

కృష్ణానదిపై నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు వచ్చినప్పుడు ముంపు ప్రాంతంలోని ప్రాచీన కట్టడాలు కొన్ని రాయి రాయిగా విడిపోయి మెరక నేలకు చేరాయి. దిగువన నాగార్జునకొండ బౌద్ధ స్తూపాలు, విహారాలు, ఎగువన ఇప్పటి జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల ఆలయాలు ఇలాగే దక్కాయి.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తే, రాణివాసపు స్త్రీలు బౌద్ధాన్ని పోషించారు. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో అతని మేనత్త శాంతిశ్రీ మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం కాశ్మీర, గాంధార, చీన తదితర దేశాలకు ధర్మాన్ని చేర్చిన సింహళ ఆచార్యులను స్మరిస్తుంది.

ఈ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అంతకు ఏడాది ముందే, ముంపును దృష్టిలో పెట్టుకుని లోయంతటా మొదలైన తవ్వకాలు 1960 దాకా సాగాయి. తొమ్మిది కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి నిలిపారు. మరికొన్నిటిని తూర్పు గట్టున అనుపులో పునర్నిర్మించారు. నీరు చుట్టుముట్టగా కొండ దీవి అయింది. యాత్రికులు ఇప్పుడు అక్కడికి లాంచీలో వెళ్తారు.

శ్రీశైలం జలాశయంతో ఎగువనా ఇదే అవసరం ఏర్పడింది. కృష్ణా తుంగభద్రల కూడలిలో, కూడవెల్లి దగ్గర ఉన్న సంగమేశ్వరాలయం బాదామి చాళుక్యుల కాలానిది. రథచక్రాలు చెక్కిన అధిష్ఠానంతో సహా దాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. పాపనాశి ఆలయాలు కూడా అలంపూర్ సమీపానికి చేరాయి. కొల్లాపూర్ ప్రాంతంలో సోమశిల సోమేశ్వరాలయం, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం ముంపును తప్పించుకుని కొత్త నేలపై నిలిచాయి. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు మాత్రం కదలలేదు. నది వైపు కట్టిన కరకట్టే వాటికి రక్ష.

ఈ తరలింపులో ముందు ప్రతి రాయికీ అంకె వేసి, కొలతలు తీసి, పటాలు గీస్తారు. పైవరుస నుంచి కిందికి విప్పి, కొత్త పునాదిపై అదే క్రమంలో కింది నుంచి పైకి పేరుస్తారు. శిల్పం, శాసనం, కట్టడపు ఆకృతి ఈ పద్ధతిలో నిలుస్తాయి. నేల పొరలు, ఇరుగుపొరుగు కట్టడాలతో ఉన్న అమరిక, నదితో ఉన్న సాన్నిహిత్యం మాత్రం తరలించలేనివి. వాటికి తవ్వకాల నివేదికలే సాక్ష్యం. అందుకే నాగార్జునకొండ చూడబోయే యాత్రికుడు ముందుగా 1966లో ఏర్పడిన అక్కడి ప్రదర్శనశాలకు వెళ్లడం మేలు. అందులో ఉన్న లోయ నమూనా చూశాక, ఏ స్తూపం ఒకప్పుడు ఏ చోట ఉండేదో, దాని పక్కన ఏ విహారం ఉండేదో తెలుస్తుంది.