జనాదరణకు లెక్క: ‘బినాకా గీత్‌మాలా’ వార్షిక జాబితాలు – తెలుగు సినిమా మూలాలు

వ్యాససంగ్రహం

సినిమా పాటల జనాదరణను ఏడాదివారీగా, గాయకులవారీగా వరుసలో నిలిపే సంప్రదాయానికి భారతదేశంలో బలమైన పునాది వేసిన కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’. 1952లో రేడియో సిలోన్ నుండి మొదలైన ఈ కార్యక్రమపు వార్షిక జాబితాలను హిందీ చిత్రసంగీత చరిత్రకు ప్రధాన ఆకరాలుగా వాడుతున్నారు. ఈ జాబితాలు ఏ పద్ధతిలో రూపొందాయి, పాటను ఎవరి పేరున నమోదు చేశాయి, వేటిని నమోదు చేయలేదు అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వార్షికంగా ప్రథమ స్థానం పొందిన పాటల్లో కొన్నింటి వెనుక ఉన్న తెలుగు చిత్రాలను గుర్తించి, జాబితాలోని ‘కళాకారుడు’ అన్న గడి ఎంత ఇరుకైనదో వివరిస్తుంది.

కీలకపదాలు: చిత్రగీతం, జనాదరణ, బినాకా గీత్‌మాలా, రేడియో సిలోన్, పునర్నిర్మాణం, మూగమనసులు, కె.వి. మహదేవన్.

1. ఉపోద్ఘాతం

ఒక ఏడాదిలో జనం ఎక్కువగా ఆదరించిన పాట ఏది? అది ఎవరి పాట? ఈ రెండు ప్రశ్నలను సాధారణంగా కలిపే అడుగుతారు. కానీ మొదటిది లెక్కకు సంబంధించినది, రెండవది కర్తృత్వానికి సంబంధించినది. లెక్క సరిగా ఉన్నంత మాత్రాన కర్తృత్వ నిర్ణయం సరైనది కావలసిన అవసరం లేదు.

ఈ తేడా అమెరికాలో ముందుగానే కనిపించింది. 1935లో ప్రారంభమైన ‘యువర్ హిట్ పరేడ్’ రేడియో కార్యక్రమం పాటలకు మాత్రమే వరుస ఇచ్చింది. ముందు వరుసలోని పాటలను ఆ కార్యక్రమపు గాయకులే పాడి వినిపించేవారు. 1940 జూలైలో ‘బిల్‌బోర్డ్’ పత్రిక ప్రకటించిన రికార్డు అమ్మకాల పట్టిక పాటతోపాటు దానిని రికార్డు చేసిన బృందాన్నీ పేర్కొంది. అందులో మొదటి స్థానం టామీ డార్సీ వాద్యబృందం పేరున నమోదైంది. ఆ రికార్డులో ప్రధానంగా వినిపించే గొంతు మాత్రం యువ గాయకుడు ఫ్రాంక్ సినాట్రాది. అంటే కళాకారుని పేరుతో వరుస ఇవ్వడం మొదలైనప్పుడే, ఆ కళాకారుడు ఎవరన్న చిక్కు కూడా మొదలైంది.

భారతీయ చిత్రగీతం విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. ఇక్కడ పాట గాయకునిది మాత్రమే కాదు. కవిది, సంగీత దర్శకునిది, తెరపై నటించినవారిది, పాటకు చోటు కల్పించిన కథది కూడా.

2. గాయకుల పేరు వెలుగులోకి వచ్చిన క్రమం

గాయకులవారీగా పాటలకు వరుస ఇవ్వాలంటే ముందు ఆ గాయకుడెవరో శ్రోతకు తెలియాలి. నేపథ్యగానపు తొలి రోజుల్లో అది ఖాయమైన విషయం కాదు. 1949లో వచ్చిన ‘మహల్’ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డుపై మొదట గాయని పేరుగా ముద్రితమైనది చిత్రంలోని పాత్ర పేరు ‘కామిని’. పాడినవారెవరని శ్రోతలు అడిగిన మీదటే అసలు పేరు బయటికి వచ్చిందన్నది ప్రసిద్ధం. ఫిల్మ్‌ఫేర్ పురస్కారాల్లోనూ నేపథ్యగానానికి ప్రత్యేక విభాగం 1959 వరకు లేదు.

ప్రసార రంగంలో ఈ ప్రశ్న మరో రూపంలో ముందుకు వచ్చింది. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ చిత్రసంగీతాన్ని తక్కువ స్థాయిదిగా భావించి, ఆలిండియా రేడియోలో దానికి స్థానాన్ని తగ్గించారు. సినిమా పేరు చెబితే అది ప్రచారమవుతుందన్న భావంతో గాయకుల పేర్లు మాత్రమే చెప్పే పద్ధతి వచ్చింది. నిర్మాతలు దీనికి అంగీకరించక ప్రసార అనుమతులను ఉపసంహరించుకున్నారు. పాట చిరునామా సినిమానా, గాయకుడా అన్న తగవు ఆ విధంగా బహిరంగమైంది.

ఈ ఖాళీని రేడియో సిలోన్ పూరించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మిత్రరాజ్యాల సైన్యాల కోసం కొలంబోలో నెలకొల్పిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధానంతరం సిలోన్ ప్రభుత్వానికి దక్కింది. దాని ప్రసారాలు భారతదేశమంతటా వినిపించేవి. వాణిజ్య ప్రకటనలకు అక్కడ అడ్డు లేదు. తెలుగుతో సహా పలు భారతీయ భాషల చిత్రగీతాలు అక్కడి నుండి వినవచ్చేవి.

3. లెక్కింపు పద్ధతి: ఉత్తరం, దుకాణం, శ్రోతల సంఘం

‘బినాకా గీత్‌మాలా’ 1952 డిసెంబరులో ప్రారంభమైంది. సీబా సంస్థ తయారుచేసే బినాకా టూత్‌పేస్టు దీనికి ప్రాయోజకం. వ్యాఖ్యాత అమీన్ సయానీ. బొంబాయిలో రికార్డు చేసిన కార్యక్రమాన్ని కొలంబోకు పంపి ప్రతి బుధవారం రాత్రి ప్రసారం చేసేవారు.

మొదట్లో ఇది వరుస చెప్పే కార్యక్రమం కాదు, పోటీ. ఏడు పాటలు వినిపించి, వాటిని జనాదరణ క్రమంలో అమర్చి పంపమని శ్రోతలను కోరేవారు. సరైన సమాధానానికి బహుమతి నూరు రూపాయలు. మొదటి వారమే సుమారు 9,000 ఉత్తరాలు వచ్చాయని, ఆ సంఖ్య క్రమంగా వారానికి 65,000 దాకా పెరిగిందని సయానీ తన ముఖాముఖీలలో చెప్పేవారు. అన్ని ఉత్తరాలను విప్పి లెక్కించడం అసాధ్యం కావడంతో పోటీని తొలగించి, పాటలకు స్థానాలు ప్రకటించే పద్ధతికి మారారు. ఒక్కొక్క స్థానాన్ని సయానీ ‘పాయ్‌దాన్’, అంటే మెట్టు, అని పిలిచేవారు.

స్థానాలకు ప్రధాన ఆధారం ఎంపిక చేసిన రికార్డు దుకాణాల అమ్మకాల వివరాలు. ఇందులో రెండు పరిమితులున్నాయి. ఒకటి, రికార్డు నిల్వ అయిపోతే, ఎంత గిరాకీ ఉన్నా ఆ పాట అమ్మకం సున్నాగానే కనిపిస్తుంది. రెండు, రికార్డు కొనాలంటే ఇంట్లో గ్రామఫోన్ ఉండాలి. హోటలు రేడియో ముందు నిలబడి పాట విన్నవారు ఈ లెక్కలోకి రారు. ఈ లోటును కొంత సవరించేందుకు ఊరూరా ఏర్పడిన శ్రోతల సంఘాల అభిప్రాయాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. నాటి బీహారులోని ఝుమ్రీ తలయ్యా అనే చిన్న పట్టణం కేవలం రేడియోకు పంపిన కోరికల ఉత్తరాల వల్ల దేశమంతటా పేరు తెచ్చుకోవడం శ్రోతల చురుకుదనానికి నిదర్శనం. అయితే ఉత్సాహం గల సంఘం ఉన్న ఊరి గొంతు మిగతా ఊళ్లకన్నా గట్టిగా వినిపించే అవకాశం కూడా ఇక్కడే ఉంది.

కాబట్టి ఈ జాబితాలో ‘జనాదరణ’ ఒకే కొలత కాదు. వేర్వేరు దశల్లో అది ఉత్తరం రాసినవారి, రికార్డు కొన్నవారి, సంఘంగా ఏర్పడినవారి ఆదరణ. 1953 నాటి ప్రథమ స్థానాన్ని, 1980 నాటి ప్రథమ స్థానాన్ని ఒకే తూకంతో పోల్చడం సరికాదు.

4. ‘సంవత్సరం’ అన్న హద్దు

వారవారం పొందిన స్థానాల మొత్తాన్ని బట్టి ఏడాది చివర వార్షిక జాబితా వెలువడేది. ఈ పద్ధతిలో ఏడాది చివర విడుదలైన చిత్రాల పాటలు మరుసటి ఏడాది ఖాతాలో పడతాయి. 1969 డిసెంబరులో విడుదలైన ‘దో రాస్తే’ చిత్రంలోని ‘బిందియా చమ్‌కేగీ’ 1970 జాబితాలో మొదటిది. 1979 నాటి ‘సర్గమ్’ చిత్రంలోని ‘డఫ్లీవాలే’ 1980లో మొదటిది. చిత్రం విడుదలైన ఏడాదిని, పాట జనంలో నిలిచిన ఏడాదిని ఒకటిగా భావించి చేసే కాలక్రమ పట్టికలు ఇక్కడ తప్పటడుగు వేస్తాయి.

ఏడాది తీర్పుకు, తరువాతి కాలపు తీర్పుకు మధ్య కూడా దూరముంది. 1957లో ‘ప్యాసా’, ‘నయా దౌర్’, ‘మదర్ ఇండియా’ చిత్రాలు వచ్చాయి. సాహిర్ లుధియాన్వీ రాసిన ‘ప్యాసా’ గీతాలను నేడు హిందీ చిత్రసాహిత్యపు శిఖరాలుగా పరిగణిస్తున్నారు. ఆ ఏడాది వార్షిక జాబితాలో మొదటి స్థానం మాత్రం ఎస్.ఎన్. త్రిపాఠీ స్వరపరచిన ‘జనమ్ జనమ్ కే ఫేరే’ చిత్రంలోని ‘జరా సామ్‌నే తో ఆవో ఛలియే’ పాటకు దక్కింది. ఇందులో జాబితా తప్పేమీ లేదు. ఆనాటి శ్రోత ఏమి విన్నాడో అది చెబుతున్నది. తరువాతి విమర్శకుడు దేనిని మిగుల్చుకున్నాడో చెప్పడం దాని పని కాదు.

5. ప్రథమ స్థానాల వెనుక తెలుగు చిత్రాలు

వార్షికంగా మొదటి స్థానం పొందిన పాటల్లో కనీసం అయిదింటికి తెలుగువారితో ప్రత్యక్ష సంబంధముంది.

1961: ‘ససురాల్’ చిత్రంలో మహమ్మద్ రఫీ పాడిన ‘తేరీ ప్యారీ ప్యారీ సూరత్ కో’. చిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్, దర్శకుడు టి. ప్రకాశరావు. మూలం 1959 నాటి ‘ఇల్లరికం’.

1966: ‘సూరజ్’ చిత్రంలో రఫీ పాడిన ‘బహారో ఫూల్ బర్‌సావో’. దర్శకుడు టి. ప్రకాశరావు.

1967: ‘మిలన్’ చిత్రంలో ముఖేష్, లతా పాడిన ‘సావన్ కా మహీనా’. నిర్మాత ఎల్.వి. ప్రసాద్, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. మూలం 1964 నాటి ‘మూగమనసులు’.

1980: ‘సర్గమ్’ చిత్రంలో రఫీ, లతా పాడిన ‘డఫ్లీవాలే’. దర్శకుడు కె. విశ్వనాథ్. మూలం 1976 నాటి ‘సిరిసిరిమువ్వ’.

1986: ‘సంజోగ్’ చిత్రంలో లతా పాడిన ‘యశోదా కా నంద్‌లాలా’. దర్శకుడు కె. విశ్వనాథ్. మూలం 1975 నాటి ‘జీవనజ్యోతి’.

ఈ అయిదూ ఒకే తరహావి కావు. ‘సూరజ్’కు తెలుగు సంబంధం దర్శకుని వరకే. ‘ససురాల్’ కథ తెలుగుదే అయినా, ప్రథమ స్థానం పొందిన ఆ పాట ఏ ప్రేమకథలోనైనా ఇమడగల శృంగారగీతం. మిగిలిన మూడింటిలో పాట కథాసన్నివేశం నుండే పుట్టింది. ఆ సన్నివేశం తెలుగులో ముందే రూపొంది ఉంది.

వీటిలో ‘మిలన్’ పాట అన్నిటికన్నా విశదమైన ఉదాహరణ. ‘మూగమనసులు’లో పడవ నడిపే గోపి జమీందారు బిడ్డ రాధకు పాట నేర్పుతాడు. ఆమె చదువుకున్నది కనుక ‘చిలక’ అంటుంది. అతడు ‘సిలక’ అని దిద్దుతాడు. శిష్టోచ్చారణ తప్పుగా, జానపదోచ్చారణ ఒప్పుగా మారే ఈ తలకిందుల పాఠమే ఆ యుగళగీతానికి ప్రాణం. పాట ఆత్రేయది, బాణీ కె.వి. మహదేవన్‌ది, గళాలు ఘంటసాల, సుశీలలవి. హిందీలో ఆనంద్ బక్షీ ఈ కిటుకును ‘శోర్’, ‘సోర్’ అన్న మాటల జంటతో నిలబెట్టారు. తాలవ్యమైన శ్రుతిని దంత్య సకారంగా పలికే పల్లె అలవాటు రెండు భాషల్లోనూ ఉండటం వల్ల అది సహజంగా అమరింది. హిందీ బాణీ లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌లది, స్వతంత్రమైనది. కానీ శ్రోతను ఆకట్టుకున్న ఆ సరసమైన దిద్దుబాటు ‘మూగమనసులు’ నుండి వచ్చినది. వార్షిక జాబితాలోని పాట, చిత్రం, గాయకులు, సంగీత దర్శకులు అన్న గడుల్లో దేనిలోనూ అది కనిపించదు.

‘సిరిసిరిమువ్వ’లోని మూగ నర్తకి, ఆమె అడుగుకు వాద్యం మోగించే పేద యువకుడు లేకుండా ‘డఫ్లీవాలే’ అన్న సంబోధనకు అర్థం లేదు. ‘జీవనజ్యోతి’లోని బిడ్డను కోల్పోయిన తల్లి లేకుండా ‘సంజోగ్’ లాలిపాటకు ఆ బరువు రాదు. ఇక్కడ గమనించవలసిన మరో విషయముంది. ‘మూగమనసులు’, ‘సిరిసిరిమువ్వ’, ‘జీవనజ్యోతి’ మూడింటికీ సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్. ఆయన తొలుత స్వరరూపమిచ్చిన సన్నివేశాలు హిందీలోకి వెళ్లి మూడు వేర్వేరు సంవత్సరాల్లో ప్రథమ స్థానానికి చేరాయి. హిందీ చిత్రాలు మూడింటికీ సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్ కనుక జాబితాలో వారి పేరే ఉంటుంది. అది న్యాయమే. అయితే గాయకులవారీగా, సంగీత దర్శకులవారీగా ఆ జాబితాను ఎంత జాగ్రత్తగా కూడినా మహదేవన్ పేరు, ఆత్రేయ పేరు బయటపడవు.

6. వరుస లేని ఆదరణ

తెలుగు శ్రోతకు జనాదరణను తెలిపే గుర్తులు వేరే ఉండేవి. సినిమా హాళ్ల దగ్గర అమ్మే పాటల పుస్తకం, ఆకాశవాణి వారి ‘మీరు కోరిన పాటలు’ కార్యక్రమం, పెళ్లిపందిరిలో మోగే మైకుసెట్టు అటువంటివి. కోరిన పాటల కార్యక్రమంలో పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్ల పేర్లు చదివేవారు. పాట ఎన్నవ మెట్టు మీద ఉందో కాక, ఎవరు ఏ ఊరి నుండి కోరారో శ్రోతకు తెలిసేది. ఇది ర్యాంకుకు లొంగని సమాచారం. ఏడాది చివర దీనిని కూడి ఒక పట్టికగా మలచడం కష్టం కనుకనే చరిత్ర రచనలో దీనికి చోటు తక్కువైంది. పట్టిక రూపంలో ఉన్న హిందీ సమాచారం మాత్రం పదేపదే పునర్ముద్రితమై ప్రామాణికతను సంపాదించుకుంది.

రేడియో సిలోన్ నుండి 1989లో వివిధభారతికి మారిన గీత్‌మాలా 1994 వరకు కొనసాగింది. జాబితాల ఆకర్షణ తరువాత కూడా తగ్గలేదు. 2013లో బీబీసీ ఏషియన్ నెట్‌వర్క్ నిర్వహించిన ఎంపికలో హిందీ చిత్రగీతాల్లో మొదటి స్థానం ‘బహారో ఫూల్ బర్‌సావో’కు దక్కింది. 1966 నాటి శ్రోతల తీర్పు, ప్రవాస శ్రోతల తీర్పు ఈ పాట విషయంలో కలిశాయి. 1957 జాబితాతో పోలిస్తే, వార్షిక వరుస దీర్ఘకాలిక స్మృతిని కొన్నిసార్లు సూచిస్తుందే తప్ప ఎల్లప్పుడూ సూచించదని స్పష్టమవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

అ) గాయకులవారీ వరుస సాధ్యం కావడానికి ముందు, గాయకుని పేరును రికార్డుపైన, ప్రసారంలోనూ పలికించడానికి ఒక పోరాటమే జరిగింది.

ఆ) గీత్‌మాలా జాబితాల్లో లెక్కింపు పద్ధతి కాలానుగుణంగా మారింది. వేర్వేరు దశాబ్దాల స్థానాలను నేరుగా పోల్చరాదు.

ఇ) జాబితాలోని సంవత్సరం చిత్రం విడుదలైన సంవత్సరం కానవసరం లేదు.

ఈ) ప్రథమ స్థానం పొందిన నాలుగు పాటలు తెలుగు చిత్రాల పునర్నిర్మాణాల్లోనివి. వాటిలో మూడు పాటల సన్నివేశ బలం తెలుగు మూలం నుండి సంక్రమించింది.

చిత్రగీతాల సూచికలు, దత్తాంశ నిధులు తయారుచేసేవారు పాట, గాయకుడు, ఏడాది అన్న గడులకు మూలచిత్రం, మూలసన్నివేశం, మూలకవి, మూలసంగీత దర్శకుడు అన్న గడులను చేర్చడం అవసరం. ఆ పని జరగనంత కాలం ఆత్రేయ ‘సిలక’కు దక్కిన హిందీ శ్రోతల ఆదరణ కూడా మరొకరి లెక్కలోనే ఉండిపోతుంది.