ముక్కులో గాలి నిరోధం కొలత (రైనోమానోమెట్రీ)

ముక్కు గుండా సాగే గాలికి లోపల ఎంత అడ్డు ఉందో అంకెల్లో తేల్చే పరీక్ష రైనోమానోమెట్రీ. ముక్కు ముందువైపుకూ వెనకవైపుకూ మధ్య ఉన్న పీడన భేదాన్ని, అదే క్షణంలో పారే గాలి రేటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. సాధారణంగా 150 పాస్కల్‌ల భేదం వద్ద లెక్క కడతారు. ఇందుకు అంతర్జాతీయ ప్రమాణాలు 1984లో వెలువడ్డాయి.

మాస్కు పెట్టుకున్న వ్యక్తి నోరు మూసి మామూలుగా ఊపిరి తీస్తాడు. ఒక రంధ్రాన్ని టేపుతో మూసి అందులో సన్నని గొట్టం ఉంచుతారు. ఆ వైపు గాలి కదలదు కాబట్టి, గొట్టంలోని పీడనం ముక్కు వెనకభాగపు పీడనాన్నే చూపుతుంది. ప్రవాహాన్ని రెండో రంధ్రం నుంచి కొలుస్తారు. తర్వాత వైపులు మారుస్తారు. ముక్కు దూలానికి చిల్లు ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

శ్వాసమార్గపు మొత్తం నిరోధంలో సుమారు సగం ముక్కుదే. అయితే ఒక వైపు ఒక్కసారి తీసిన అంకెను నమ్మడానికి లేదు. లోపలి పొర కొన్ని గంటలకోసారి ఒకవైపు ఉబ్బి, మరోవైపు తగ్గుతుంది. జర్మన్ వైద్యుడు కైజర్ 1895లో వివరించిన ఈ నాసికా చక్రాన్ని ఊపిరి గతిని పరిశీలించే మన స్వరశాస్త్రం ఇడ, పింగళ పేర్లతో ఎప్పటినుంచో గమనిస్తూనే ఉంది. అందుకే అసలు విలువ రెండో కొలతలో ఉంది. దిబ్బడ తగ్గించే మందు వేసి మళ్లీ కొలిచినప్పుడు నిరోధం బాగా పడిపోతే కారణం పొర వాపు. పెద్దగా తగ్గకపోతే దూలం వంకర వంటి నిర్మాణ లోపాన్ని అనుమానించాలి. ఉదాహరణకు, తెలంగాణలోని మద్నూర్ పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు. అలాంటిచోట జిన్నింగ్ మిల్లు నుసి పీల్చే కూలీకి ముక్కు దిబ్బడ వేస్తే, ఈ తేడా తెలియడం ఎంతో ముఖ్యం.

మనకు అనిపించేదీ యంత్రం చూపేదీ ఎప్పుడూ ఒకటి కావు. హైదరాబాద్‌లో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్ వంటి మందుల్లోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నాడులను తాకుతుంది. దాంతో ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది, నిరోధం మాత్రం దాదాపు మారదు. కాబట్టి రోగి బాధను, వైద్యుడి పరిశీలనను పక్కన పెట్టి అంకె ఒక్కదానితో నిర్ణయించడం తప్పు.

దూలం సరిచేసే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, మందుకు ముందూ తర్వాతా ఈ కొలత తీయించే వీలుందేమో ఈఎన్‌టీ వైద్యుణ్ణి అడగండి.