తేలికపాటి టెలిఫోటో జూమ్ లెన్సు

దూరముననున్న వస్తువును దగ్గరగా చూపుటయు, నిలిచిన చోటు కదలకయే దృశ్యమును పెంచుకొనుటకును తగ్గించుకొనుటకును వీలు కల్పించుటయు అను రెండు గుణములు ఒక్కచో కూడిన కెమెరా కటకమునకు టెలిఫోటో జూమ్ లెన్సు అని పేరు. నాభ్యంతరము (ఫోకల్ లెంగ్త్) 70 మి.మీ. మొదలు 200, 300, కొన్నిట 400 మి.మీ. వరకు మారు లెన్సులు సాధారణముగా ఈ తెగకు చెందును. వీనిలో ఇంచుమించు 200 గ్రాములకును 800 గ్రాములకును నడుమ తూగుచు, ట్రైపాడ్ అక్కరలేక, భుజమున తగిలించుకొని పూటంతయు తిరుగుటకు అనువైనవానిని తేలికపాటివని వ్యవహరింతురు. ఈ ఎల్లను ఏ ప్రమాణ సంస్థయు నిర్ణయింపలేదు. దానిని గీచినది మోయువాని మెడనరము.

టెలిఫోటో అనగా దూరపు బొమ్మలు తీయునది అనియే లోకము చెప్పుకొనుచున్నను, దృశాశాస్త్రమున ఆ మాటకు ఇంకొక నిక్కమైన అర్థము గలదు. 300 మి.మీ. నాభ్యంతరము గల సాదా కటకము దూరపు వస్తువు బింబమును తనకు 300 మి.మీ. వెనుకనే ఏర్పరచును గావున, దానిని బిగించు గొట్టము ఇంచుమించు అడుగు పొడవుండక తప్పదు. ముందు భాగమున కిరణములను కూర్చు కుంభాకార సముదాయమును, దాని వెనుక ఆ కూర్పును కొంత సడలించు పుటాకార సముదాయమును అమర్చినచో, కిరణములు ఎంతో దూరమునుండి సన్నని శంకువువలె వచ్చుచున్నట్లు సెన్సరునకు తోచును. గొట్టము మాత్రము పొట్టిగనే యుండును. పొడవు కంటె నాభ్యంతరము మిక్కిలిగా నుండు ఈ ఏర్పాటే టెలిఫోటో. 1891లో ఇంగ్లండున డాల్‌మేయరును, జర్మనీలో మీథే, స్టైన్‌హైల్ అనువారును పరస్పర సంబంధము లేకయే ఇట్టి కటకములను రూపొందించిరి. నాభ్యంతరమును మార్చుకొను జూమ్ ఏర్పాటు నిశ్చల ఛాయాగ్రహణములోనికి చాల ఆలస్యముగా వచ్చినది. 35 మి.మీ. ఫిల్ము కెమెరాల కొరకు ఫోక్ట్‌లెండర్ సంస్థ 36–82 మి.మీ. జూమారును 1959లో వెలువరింపగా, ఆ యేడే జపానునుండి నిప్పన్ కొగాకు వారి 85–250 మి.మీ. నిక్కార్ వచ్చినది, టెలిఫోటోయు జూమును ఒకే గొట్టములో కాపురము పెట్టుట అట్లు మొదలైనది.

ఈ తెగలో ఒక లెన్సు ఏల బరువు, వేరొకటి ఏల తేలిక అను ప్రశ్నకు సమాధానము ఒక చిన్న భాగహారములో నున్నది. లెన్సుపై ఎఫ్/4 అని యున్నచో, నాభ్యంతరమును 4 చేత భాగింపగా వచ్చునదే వెలుగు లోనికి ప్రవేశించు కంటి వ్యాసము. 200 మి.మీ. ఎఫ్/2.8 లెన్సునకు ఈ కన్ను 71 మి.మీ.; ఎఫ్/4 లెన్సునకు 50 మి.మీ. మాత్రమే. వ్యాసమున కనిపించు తేడా స్వల్పమే కాని వైశాల్యము సగమునకు తగ్గును. గాజుబిళ్ళలు అడ్డముగనే కాక మందమునను తగ్గును. వానిని మోయు గొట్టమును సన్నబడును. కానన్ సంస్థ 2010లో వెలువరించిన 70–200 ఎఫ్/2.8 స్థిరీకృత (చేతి వణకును సరిదిద్దు) లెన్సు 1490 గ్రాములు తూగగా, 2006 నాటి ఎఫ్/4 స్థిరీకృత లెన్సు 760 గ్రాములే తూగుటకు ఇదియే మూలము. ఇక ఆసక్తికరమైన సంగతి యేమనగా, అదే సంస్థ 2021లో తెచ్చిన 100–400 మి.మీ. ఎఫ్/5.6–8 లెన్సు నాభ్యంతరమున రెట్టింపు దూరము పోవుచున్నను 635 గ్రాములే తూగును. 400ను 8 చేత భాగింపుడు: మరల 50. మూడువందలను 5.6 చేత భాగించినను 54కు లోపే వచ్చును. తేలికపాటి లెన్సుల పట్టికను ఎటునుండి చదివినను ఈ ఏబది మిల్లీమీటర్ల కన్నే ఏదో యొక వేషమున ఎదురగుచుండును. కొనువాడు ఎంచుకొనునది నిజముగా ఈ కన్నును ఏ దూరమునకు సారింపవలెననుటయే. దూరము పెరిగినకొలది ఆ కంటి వెలుగే పలుచనగును. తేలికకు చెల్లించు మూల్యము రూకలలో కాదు, వెలుగులో.

కన్ను ఇంకను చిన్నదైనచో? చిన్న సెన్సరు గల కెమెరాలు ఆ దారిని పట్టినవి. సెన్సరు చిన్నదగుటచే దృశ్యమున నడిమి భాగము మాత్రమే పడును. ఏపీఎస్-సీ సెన్సరుపై 200 మి.మీ. లెన్సు ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మంత సెన్సరు) మీది 300 వలెను, మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరుపై 150 మి.మీ. లెన్సు 300 వలెను చూపును. ఒలింపస్ వారి 40–150 మి.మీ. ఎఫ్/4–5.6 లెన్సు బరువు 190 గ్రాములు, అనగా ఒక మోస్తరు జామపండంత. అయితే దాని కన్ను 27 మి.మీ.లే యగుటచేత, అదే దృశ్యము నుండి అది గ్రహించు మొత్తము వెలుగు 54 మి.మీ. కంటిలో నాలుగవ వంతు. నడియెండలో ఈ లోపమును పట్టుట నిపుణులకును కష్టమే. సాయంత్రమున పసిబిడ్డయు పట్టును.

పొట్టిదైనంత మాత్రమున లెన్సు తేలికయని భ్రమింపరాదు. కానన్ 2004లో 70–300 మి.మీ. లెన్సు నొకదానిని, వలయములుగా చెక్కిన వివర్తన కటకముతో, పది సెంటీమీటర్లకు కుదించి వెలువరించినది, చూచినవారు ముచ్చటపడిరి. కాని అది 720 గ్రాములు తూగినది, ఏలయన కన్ను తగ్గలేదు. పైగా రాత్రివేళ దీపములను తీసినపుడు వాని చుట్టు సన్నని వలయముల చాయ కనబడుట ఆ ఏర్పాటునకు సహజమైన దోషము. సంచిలో చోటు కలిసివచ్చునే కాని భుజమునకు కలిసివచ్చినది లేదు.

చిన్న కన్ను గల లెన్సును నిజముగా ఉపయోగకరముగా చేసినది స్థిరీకరణము. పూర్వపు ఛాయాగ్రాహకులు పాటించిన సూత్రమొకటి నేటికిని పనికివచ్చును: చేతితో పట్టి తీయునపుడు షట్టరు వేగము నాభ్యంతరపు విలోమమునకు తగ్గరాదు; 300 మి.మీ. వద్ద సెకనులో 300వ వంతైనను కావలెను. 1995లో కానన్ తన 75–300 మి.మీ. లెన్సునందు చేతి వణకును పసిగట్టు సూక్ష్మ యంత్రములను, ఆ వణకునకు ఎదురుగా కదలు కటక సముదాయమును అమర్చి, ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల మార్పిడి లెన్సులలో ఈ పద్ధతికి నాంది పలికినది. ఆనాడు లభించిన ప్రయోజనము రెండు స్టాపులు (ఒక్కొక్క స్టాపు వెలుగున రెట్టింపు). 2006 నాటికి నాలుగు స్టాపులని సంస్థలు చెప్పుకొనునంతటి స్థితి వచ్చినది. ఇచ్చట కొత్తవారు మోసపోవు తావు గలదు. స్థిరీకరణము నిలుపునది తీయువాని చేతిని. తీయబడు పిట్టను కాదు. కొమ్మపై కునుకుచున్న కొంగ విషయమున 60వ వంతు సెకను చాలియుండవచ్చును. అదే కొంగ రెక్క విప్పినంతనే వేయవ వంతైనను కావలెను, అప్పుడు కావలసినది వెలుగే, స్థిరీకరణము కాదు.

లెన్సును ఎంచుకొనునపుడు జనులు మొదట అడుగునది ఎంత దూరము లాగును అని. అది అడుగవలసినదే కాని దానికి ముందు ఏమి తీయుదురని అడుగుకొనుట మేలు. పెండ్లిపందిటిలోను, రంగస్థలము ముందును నిలుచువానికి 200 మి.మీ. మించి పనిపడుట అరుదు. అచ్చట ఏ నాభ్యంతరము వద్దనైనను ఎఫ్/4 నిలకడగా నుండు లెన్సు, వెలుగు లెక్క మాటిమాటికి మారక, ఎంతయో హాయి. పక్షుల వెంట తిరుగువానికి 300 కనీసము, 400 ఉచితము. లెక్క చూడుడు: ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై 300 మి.మీ. లెన్సు 30 మీటర్ల దూరమున 3.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు గల దృశ్యమును పట్టును; ఇంచుమించు మీటరు పొడవుండు ఎర్రకాళ్ళ కొంగ అందులో సగమైనను నిండదు. ఏపీఎస్-సీ సెన్సరుపై ఆ ఎత్తు 1.6 మీటర్లకు దిగును. కొంగ చట్రమున కుదురుగా నిలుచును. సీతాకోకచిలుకలను, తూనీగలను ఇష్టపడువారు మిక్కిలి దగ్గరగా ఫోకసు చేయగల దూరమును గూడ చూచుకొనవలెను; పైన చెప్పిన 100–400 లెన్సు ఈ విషయమున ఆశ్చర్యము గొల్పును, 88 సెంటీమీటర్ల వరకు దగ్గరపడి, వస్తువును దాని నిజపరిమాణములో ఐదింట రెండు వంతులకు పైగా సెన్సరుపై దించును.

గొట్టపు నిర్మాణమున రెండు జాతులు గలవు. జూమ్ చేసినను పొడవు మారనివి కొన్ని. ముక్కు ముందునకు సాగునవి కొన్ని. కానన్ 1999లో తెచ్చిన 705 గ్రాముల 70–200 ఎఫ్/4 మొదటి జాతిది. దాని వంశమున మిర్రర్‌లెస్ కెమెరాలకు 2020లో ప్రకటించిన 695 గ్రాముల లెన్సు రెండవ జాతిలోనికి మారినది. ముడిచినపుడు సంచిలో సులువుగా ఇమిడినను, ఈ రెండవ జాతివి జూమ్ చేసిన ప్రతిసారియు కొలిమితిత్తివలె గాలిని పీల్చి వదలుచుండును. ఆ గాలితో ధూళియు తేమయు లోనికి చేరుటకు వీలున్నది. ఏండ్లు గడచిన లెన్సును తలక్రిందులుగ పట్టినచో ముక్కు తనంతట జారివచ్చుటయు గలదు. చవుకరకపు లెన్సులలో కెమెరాకు తగులు మౌంటు సైతము ప్లాస్టిక్‌దే. దీనిని చూచి ముఖము చిట్లింపనక్కరలేదు, ఆ బరువుగల లెన్సునకు అది చాలును.

పాత లెన్సును కొనువారు దుకాణమునందే వెనుక మూతను తీసి, అటునుండి చిన్న టార్చిలైటు వేసి, ఇటునుండి ఏటవాలుగా చూడవలెను. బూజు పట్టియున్నచో గాజు అంచున సాలెపోగువంటి తెల్లని నారలు కనబడును. అట్టిది ఎంత చవుకయైనను వలదు. పిదప గోడకు అంటించిన వార్తాపత్రికను నిండు కన్నుతో తీసి, నాలుగు మూలల అక్షరములను పోల్చిచూడవలెను. నాలుగును సమముగా మసకగా నున్నచో అది లెన్సు స్వభావము. ఒక్క మూల మాత్రమే మసకైనచో, పత్రికకు ఎదురుగా కెమెరా సూటిగా నిలిచియున్నంతవరకు, అది లోపలి బిళ్ళ పక్కకు ఒరిగినదనుటకు గుర్తు. ఇట్లు ఒరిగిన దానిని కొని, మూడు నెలలు తన చేతినే నిందించుకొనిన అనుభవము ఈ వ్యాసకర్తకు గలదు.

ఉపయోగించు విధమున మొదటిది పట్టు. ఎడమ అరచేతిని గొట్టము క్రింద దోసిలివలె ఆన్చి, జూమ్ కంకణమును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను త్రిప్పుచు, మోచేతులను ప్రక్కటెముకలకు చేర్చి, ఊపిరి సగము విడిచినపుడు మీట నొక్కవలెను. తేలికపాటి లెన్సులు ఇచ్చట చిన్న ద్రోహము చేయును: బరువైన లెన్సు తన బరువుచేతనే కొంత నిలకడగా నుండును, ఇవి గాలికి సైతము కదలును. కావున మూడు నాలుగు చిత్రములు వరుసగా తీసి, వానిలో నిలిచినదానిని ఉంచుకొనుట మంచిది. నేటి జూములలో పెక్కింటికి నాభ్యంతరము మార్చినపుడు ఫోకసు స్వల్పముగా తొలగును గావున, జూమ్ ముగించిన పిదపనే ఫోకసును కుదుర్చుకొనవలెను. రంగము లోతు పట్ల అజాగ్రత్త పనికిరాదు; 200 మి.మీ. ఎఫ్/4 వద్ద మూడు మీటర్ల దూరపు ముఖమున స్పష్టముగా నుండునది ఐదారు సెంటీమీటర్ల మేర మాత్రమే, కన్నుపై నిలిపినచో చెవి మసకబారును.

ఇక మిట్టమధ్యాహ్నపు సంగతి. చెరువు మీదుగా, తారురోడ్డు మీదుగా కాగిన గాలి పొరలు పొరలుగా లేచుచుండగా రెండువందల మీటర్ల అవతలి పిట్టను తీసి, లెన్సు మొద్దుబారినదని అంగడివానితో తగవు పెట్టుకొనువారున్నారు. ఆ దోషము గాజుది కాదు, గాలిది. ఎంతటి విలువైన లెన్సునకును అది తప్పదు. దూరమును లెన్సుతో కాక కాళ్ళతో తగ్గించుకొనుటయే దానికి మందు. గుంటూరు చేరువనున్న ఉప్పలపాడు వంటి పల్లెలు ఈ లెన్సులకు తగిన తావులగుటకు కారణము అదియే. అచ్చట ఊరిచెరువు చెట్లపైననే గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును గూళ్ళు కట్టి, మనుష్యులకు అలవాటుపడి యుండుటచేత, మోయరాని లెన్సుల అవసరము లేకయే రెక్కల ఈకలను లెక్కింపగల బొమ్మలు లభించును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునందు గూడ గూళ్ళ కాలమున ఇదే వైభవము.

నిలువచేయుట గూర్చి రెండు మాటలు. కోస్తా ఊళ్ళలో తేమ లెన్సునకు పరమ శత్రువు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచి, పొట్లములను అప్పుడప్పుడు వేడిచేసి తేమను పోగొట్టవలెను. బియ్యపు డబ్బాలో దాచుమని కొందరు పెద్దలు చెప్పుదురు. తవుడుపొడి గొట్టపు సందులలో చేరి చేయు చేటు వారెరుగరు.

పక్షులు గూళ్ళకు చేరు మునిమాపువేళ ఈ లెన్సునకు గడ్డుకాలము. ఎఫ్/5.6 వద్ద వేయవ వంతు సెకను కావలెనన్నచో ఐఎస్‌ఓను (సెన్సరు సున్నితత్వపు కొలతను) 6400కు పెంచవలసివచ్చుచోట, ఎఫ్/2.8 లెన్సు గలవాడు 1600తో సరిపెట్టుకొనును. ఇంకను చీకటిపడిన పిదప తేలిక లెన్సు గలవానికి మిగులు ఉపాయమొకటే: వేగమును 30వ వంతునకు దించి, ఎగిరివచ్చు గూడబాతుతో పాటు లెన్సును సమముగా త్రిప్పుచు మీట నొక్కుట. పదింట తొమ్మిది పాడగును. పదవదానిలో తలయు ముక్కును నిలిచి, రెక్కలు మాత్రము బూడిదరంగు పొగవలె సాగి, వెనుకనున్న తుమ్మచెట్లు అడ్డగీతలై పోవును.