అలాస్కా లిబర్టేరియన్ పార్టీ

అమెరికాలో 1971లో ఏర్పడిన లిబర్టేరియన్ పార్టీకి అలాస్కా రాష్ట్ర శాఖ. పన్నుల తగ్గింపు, వ్యక్తి స్వేచ్ఛ దీని ప్రధాన నినాదాలు. 1978లో ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికైన డిక్ రాండాల్ఫ్, దేశంలో ఈ పార్టీ టికెట్‌పై రాష్ట్ర చట్టసభకు గెలిచిన తొలి వ్యక్తి.

ఓటర్ల సంతకాలు సేకరించి ప్రతిపాదనను నేరుగా బ్యాలెట్‌కెక్కించే వీలు అలాస్కా రాజ్యాంగంలో ఉంది. రాష్ట్ర ఆదాయపు పన్ను రద్దుకు రాండాల్ఫ్ ఈ దారినే ఎంచుకున్నారు. చమురు రాబడితో ఖజానా నిండుతున్న వేళ, 1980లో చట్టసభే ఆ పన్నును ఎత్తివేసింది. అదే ఏడాది అధ్యక్ష ఎన్నికలో పార్టీ అభ్యర్థి ఎడ్ క్లార్క్‌కు దేశవ్యాప్తంగా సుమారు 1 శాతం ఓట్లు రాగా, అలాస్కాలో 11 శాతం దాటాయి. 1984లో ఈ శాఖ నుంచే చట్టసభకు గెలిచిన ఆండ్రే మారూ, 1992లో పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలిచారు.