ఇంప్రెషనిస్టు శైలిలో పల్లె దృశ్యచిత్రణ

ఇంప్రెషనిస్టుల పల్లె చిత్రం అనగానే పొలం గట్టున ఈజిల్ నిలిపి ఒక్క పూటలో ముగించిన బొమ్మ అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ శైలి పుట్టుకకు చెప్పే కారణాలూ అందుకు తగ్గట్టే ఉంటాయి: 1841లో జాన్ గాఫ్ రాండ్ పేటెంటు పొందిన తగరపు రంగు ట్యూబు, పారిస్ నుంచి పల్లెలకు సాగిన రైలు మార్గాలు. అవి లేకుంటే పని సాగేది కాదు, నిజమే. కానీ ట్యూబు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటితే గాని 1874 నాటి ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శన జరగలేదు. ఆ మధ్యకాలంలో బార్బిజాన్ చిత్రకారులు ఫాంటెన్‌బ్లో అడవి అంచున బొమ్మలు వేస్తూనే ఉన్నారు. దోబిన్యీ వంటి కొందరిని మినహాయిస్తే, వారు బయట గీసుకున్నది చిత్తు. అసలు చిత్రం స్టూడియోలో తయారయ్యేది. అసలు మార్పు వెలుగుకు దక్కిన పెత్తనంలో ఉంది.

ఆ ప్రదర్శనలో పిసారో పెట్టిన 'తెల్లమంచు' (1873) ఇందుకు మంచి సాక్ష్యం. ఎన్నరీకి పోయే పాత దారి, దున్నిన చాళ్లు, కట్టెల మోపుతో నడిచే రైతు, చాళ్లకు అడ్డంగా చెట్ల నీడలు. ఆ చెట్లు మాత్రం బొమ్మలో లేవు. కొత్తవారిని మెచ్చుకున్న విమర్శకుడు కాస్తాన్యారీయే దీన్ని పెద్ద తప్పుగా ఎంచాడు. అలవాటైన కూర్పు దృష్టితో చూస్తే తప్పే. ఆ ఉదయం ఆ నేల మీద కనిపించినదే కొలత అనుకుంటే, నీడను చెరిపేయడమే అబద్ధం అవుతుంది.

జివెర్నీలో మోనే 1890-91లో చిత్రించిన నూర్చని గోధుమ కుప్పల దగ్గర మరో అభ్యంతరం ఎదురవుతుంది. వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చిన ఆయనే వాటిని స్టూడియోలో మళ్లీ దిద్దాడు. మరి పాతవారికీ ఆయనకూ తేడా ఏమిటి? పాతవారు చిత్తును తీసుకుని తమకు నచ్చిన కూర్పులో ఒదిగించేవారు. మోనే దిద్దుబాటు బయట పట్టుకున్న వెలుగు చుట్టూనే, ఒక కాన్వాసుకు మరొకటి పొసగేలా సాగింది. 1891 మేలో దురాన్-రుయెల్ గ్యాలరీలో పదిహేను కుప్పల చిత్రాలు ఒకేచోట కనిపించడానికి కారణం అదే. క్షణాన్ని పట్టుకోవడం నెలల పని. అదే ఏడాది ఆయన పాప్లర్ చెట్ల వరుసను చిత్రిస్తుండగా అవి వేలానికి వచ్చాయి. చిత్రాలు పూర్తయ్యేదాకా నరకకుండా ఉంచేందుకు కలప వ్యాపారికి డబ్బు చెల్లించాడు.